ఎనిమిది ప్యానెళ్లు, ఏడు బొట్లు

ఈ బ్లాగు చదివేవాళ్లలో నలుగురైదుగురు ఈమధ్య ఒకే మాట అడిగారు. గుట్టలు, కోటలు చాలించి కాస్త పనికొచ్చే చోటు చెప్పమన్నారు. ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్ పెట్టించుకోవాలని ఉందట. అమ్మేవాడి మాట మీద నమ్మకం లేదట. రెండు మూడేళ్లు వాడిన ఇల్లు ఒకటి కళ్లారా చూసి రావాలట. అడిగింది న్యాయమే. అలాంటి ఇల్లు నాకొకటి తెలుసు. ఇబ్రహీంపట్నంలో శేరిగూడ వైపు, ఇంజనీరింగ్ కాలేజీల దారిలో ఉంటుంది. తెలియడమేమిటి, అది నా ఇల్లే. హయత్‌నగర్‌లో నేనుండే గది నుంచి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ ముప్పై కిలోమీటర్లు వెళ్లడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

నా భార్య సునీత ఆ ఇంట్లో బట్టలు కుట్టేది. మోటారు మిషన్లు మూడు, పక్కన కూర్చుని కుట్టడానికి యాదమ్మ అని వీధిలోనే ఉండే ఒకావిడ. నేను హయత్‌నగర్‌లో ఒక డీటీపీ సెంటర్లో పెళ్లి కార్డులు, కరపత్రాలు టైపు చేసి రోజూ బస్సులో ఇల్లు చేరేవాణ్ని. కరెంటు కోతలు ముదిరాక సిటీలో రెండు గంటలు తీస్తే మా దగ్గర ఆరు గంటలు తీసేవారు. పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు సగం చేతులతో మిషన్ మీదే ఆగిపోయేవి. సునీత పోరు పడలేక మేడ మీద ఎనిమిది చిన్న ప్యానెళ్లు, మెట్ల కింద బ్యాటరీలు, ఒక ఇన్వర్టర్ పెట్టించాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ప్యానెల్ అంటే నల్లటి గళ్ల మీద పరిచిన అద్దం పలక. గళ్ల మీద ఎండ పడితే కరెంటు పుట్టి బ్యాటరీలో చేరుతుంది. ఇన్వర్టర్ దాన్ని మిషన్లకూ ఫ్యాన్లకూ పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. అంతకుమించి అర్థం కాకపోయినా పని నడుస్తుంది, నాకు నడిచింది.

ఇంటికి కొత్త వస్తువు వస్తే బొట్టు పెట్టకుండా వాడడం మావాళ్లలో ఎవరికీ చేతకాదు. సైకిలైనా సరే, గ్రైండరైనా సరే. సునీత ఎనిమిది ప్యానెళ్లకూ పసుపు రాసి కుంకుమ పెట్టింది. మొదటి వానకే కొట్టుకుపోయాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ పోయాయి. దాంతో గడపకు వేసే పసుపు పెయింటు డబ్బా ఒకటి, ఎర్ర పెయింటు డబ్బా ఒకటి పట్టుకుని మేడెక్కింది. రోజూ గడపకు పసుపు రాసే తీరిక లేనివాళ్లు ఒకేసారి పెయింటు కొట్టేసి చేతులు దులుపుకుంటారు కదా, అదే తెలివి ఇక్కడా చూపించింది. ఒక్కో ప్యానెల్‌కు సరిగ్గా నడిగడిలో అరచేతంత పసుపు గుండ్రం, దాని నడుమ ఎర్రబొట్టు. కిందికి వచ్చి, "ఇగ ఏ వాన చెరుపుతదో చూస్త" అంది. ముక్కు మీద కూడా పసుపు పెయింటు అంటింది. అది రెండు రోజులు పోలేదు.

ఆ వారం నుంచే మిషన్లు మధ్యాహ్నం మూడింటికల్లా నీరసపడడం మొదలుపెట్టాయి. ప్యానెళ్లు బిగించిన మల్లేశ్‌ను పిలిచి చూపించాను. రావిర్యాల మనిషి, పని తెలిసినవాడు. ఒక్క చూపులో కనిపెట్టేశాడు. ఒక్క గడిని పూర్తిగా కప్పితే దాని వరసలో ఉన్న గళ్లన్నీ పని మానుకుంటాయట. ఎనిమిది బొట్లు కలిసి సగానికి పైగా కరెంటు తినేస్తున్నాయట. ఆ సంగతి నేను సునీతకు చెప్పలేదు. అంత ముచ్చటపడి పెట్టుకున్న మనిషితో నీ బొట్టే కరెంటును ఆపుతోందని ఏ నోటితో చెప్పను. ఎందుకు తగ్గిందని అడిగినప్పుడల్లా మబ్బులన్నాను. ఏప్రిల్ నెలలో కూడా మబ్బులే అన్నాను. ఆమె కిటికీలోంచి ఒకసారి ఆకాశం వైపు చూసి, మోటారు బెల్టు తీసేసి కాలితో తొక్కుతూ కుట్టుకునేది. ఏడాదిన్నర అలా గడిచింది. తర్వాత ఆమెకు ముందునుంచీ ఉన్న గుండె జబ్బు ముదిరింది. ఆసుపత్రికి తీసుకెళ్లాను, తిరిగి తీసుకురాలేకపోయాను.

ఆ ఇంట్లో ఉండలేక హయత్‌నగర్‌లో గది తీసుకున్నాను. మిషన్ల శబ్దం లేని ఆ ముందు గదిలో కూర్చోవడం నా వల్ల కాలేదు. ఇల్లు యాదమ్మకే అద్దెకిచ్చాను. ఆమె కుట్టుపని మాని కాలేజీ పిల్లలకు మెస్ పెట్టుకుంది. నెల తిరక్కుండానే ఫోన్ చేసి, "అన్నా, కోతల ఫ్యాన్లు తిరుగుతలేవు. ప్యానెళ్ల మీద రంగు తీయాలె అంటున్నడు మల్లేశ్" అంది. ముట్టుకోవద్దు, నేనే వస్తానని ఫోన్ పెట్టేశాను. సునీత చేతి పనులన్నీ ఒక ట్రంకు పెట్టెలో పట్టాయి. ఆ బొట్లు ఒక్కటే పెట్టెలో పట్టనివి, ఆమె పెట్టిన చోటే ఉన్నవి. వాటిని గీకించేంత ధైర్యం నాకు లేదు. ఆ తర్వాత యాదమ్మ ఆ మాట ఎత్తినప్పుడల్లా లైను తెగినట్టు నటించాను. పోయిన వారం ఆమె మొహమాటం వదిలేసింది. "ఒక ప్యానెల్ల గడి కాలి గోధుమరంగుకు వచ్చిందంట. పొలగాళ్లు చెమటల తినలేక వేరే మెస్‌కు పోతున్నరు. నువ్వొస్తవా, నన్ను ఖాళీ చేయమంటవా? ఒక్క మాట చెప్పు" అంది. యాదమ్మ బతుకుతెరువో, సునీత బొట్లో తేల్చుకోవాల్సి వచ్చింది. అదీ ఈ ప్రయాణం సంగతి.

మీరు వెళ్లేటట్టయితే ఆదివారం మాత్రం వద్దు. ఆదివారం సాగర్ రోడ్డు ప్లాట్లు చూసేవాళ్ల కార్లకే చాలదు. నేను బుధవారం పొద్దున ఏడుంపావుకు హయత్‌నగర్ డిపో దగ్గర బస్సెక్కాను. ఎల్‌బీనగర్ చేరేసరికి ఎనిమిది దాటింది. నడిచినా అంతే పట్టేదేమో అనిపించింది. అక్కడ ఒక చాయ్ తాగి, సాగర్ రోడ్డు మొదట్లో నిలబడితే పది పదిహేను నిమిషాలకో ఇబ్రహీంపట్నం బస్సు దొరుకుతుంది. ఇరవై రూపాయల లోపు టికెట్, ముప్పావుగంట ప్రయాణం. ఎడమవైపు కూర్చుంటే పొద్దుటి ఎండ మొహం మీద కొడుతుంది, కుడివైపు చూసుకోండి. సునీత మాత్రం ఎప్పుడూ ఎడమవైపే కూర్చునేది. దారాల కండెలూ లైనింగు గుడ్డా కొనడానికి ఇద్దరం సిటీకి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు, దారిపొడుగునా కొత్తగా లేచిన వెంచర్ల గేట్లు లెక్కపెట్టేది. గేటు ఉండి లోపల ఏమీ లేకపోతే రెండు మార్కులు.

తుర్కయంజాల్ దాటాక ఇప్పుడు ఆ ఆట ఆడితే మార్కులు రాయడానికి కాగితం చాలదు. ఏనుగులున్న గేట్లు, గుర్రాలున్న గేట్లు, నీళ్లు రాని ఫౌంటెన్లు. వాటి వెనక జొన్న చేలను చదును చేసి పాతిన రాళ్లు, రాళ్లకు రంగు జెండాలు. బొంగులూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు కిందినుంచి బస్సు వెళ్తుంటే నా ముందు సీట్లో ఇద్దరు ఆదిభట్ల వైపు గజం ఎంత పలుకుతోందో మాట్లాడుకుంటున్నారు. ఎడమవైపు మూడో వరస కిటికీ సీట్లో ఎవరో ముసలాయన నిద్రపోతున్నాడు. ఆ సీటు సునీతదేమీ కాదు, ఆ బస్సు కూడా అప్పటిది కాదు. అయినా నాలుగైదుసార్లు అటే చూశాను. గేట్లు లెక్కపెట్టడం మానలేక ముప్పై ఒకటి వరకు వచ్చాక ఆపేశాను.

మా ఇంటికి శేరిగూడ స్టాపులో దిగితే చాలు, ఐదు నిమిషాల నడక. నేను దిగలేదు. కండక్టర్ శేరిగూడ అని అరిచినప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బస్సు నన్ను ఇబ్రహీంపట్నం బస్టాండు దాకా తీసుకెళ్లి దింపింది. పిరికితనానికి ఐదు రూపాయలు ఎక్కువైంది. బస్టాండు ఎదురుగా మిర్చి బజ్జీలు తిని, మళ్లీ ఒక చాయ్ తాగి, ఇక చేయడానికి ఏ పనీ మిగలక వెనక్కి వెళ్లడానికి ఆటో మాట్లాడుకున్నాను. ఆటో అతను నన్ను చూడగానే తనకు సంగతి అర్థమైపోయిందనుకున్నాడు.

"ఏ వెంచర్‌కు అన్నా?" అన్నాడు.

"వెంచర్ కాదు. శేరిగూడ దిక్కు ఒక ఇల్లు."

"కొననీకా?"

"నాదే."

"అయితే అమ్మనీకి వచ్చినవ్. మా బావమర్ది ఉన్నడు, గిప్పుడే ఫోన్ చేస్త. కమిషన్ జర తక్కువనే తీస్కుంటడు."

అమ్మడానికి కాదు, చూసుకోవడానికి వచ్చానన్నాను. అద్దంలోంచి నా మొహం చూశాడు. "ఇల్లు ఉత్తగ చూస్కోనీకి ఎవరొస్తరన్నా" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు. ఇల్లు రాగానే దిగి ఇరవై రూపాయలిచ్చాను.

ఇల్లు అలాగే ఉంది, వాసన మాత్రం మారింది. ముందు గదిలో మిషన్లుండే చోట పొడవాటి బల్లలు వేశారు. గోడకు సునీత కొలతలు రాసుకునే నల్లబోర్డు మీద ఆ పూట వంట రాసి ఉంది, అన్నం, పప్పు, వంకాయ, పచ్చిపులుసు. యాదమ్మ కొంగు నడుముకు చెక్కుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి, "వచ్చినవా అన్నా" అంది. మంచినీళ్లిచ్చింది. మెట్ల కింద ఇన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. బ్యాటరీ నిండిందని చూపించే పచ్చదీపం వెలగడం లేదు, ఎర్రదీపం ఆరి ఆరి వెలుగుతోంది.

"ఎండ గిట్ల మండుతున్నది, గిది మాత్రం ఆకలి ఆకలి అంటది" అంది యాదమ్మ. "పన్నెండింటికి కోత పెడ్తరు. సరిగ్గ పొలగాళ్లు తిననీకి వచ్చే యాళ్లకు. ఫ్యాన్లు అర్ధగంట తిరిగి ఆగిపోతయి."

మల్లేశ్ పదింటికి బండి మీద వచ్చాడు. ముగ్గురం మెట్లెక్కాం. సునీతను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు తర్వాత నేను ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. కింద ఇల్లు ఖాళీ చేసి సామాను సర్దుకున్న రోజు కూడా పైకి రాలేదు. పైకి వచ్చాక కాసేపు ఏమీ కనపడలేదు, ఎండకో, మరి దేనికో తెలియదు. తర్వాత ప్యానెళ్లు కనపడ్డాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. బొట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పసుపు కాస్త వెలిసింది, ఎరుపు అలాగే ఉంది. నాకు వాటి మీద చెయ్యి వేయాలనిపించింది. వేశాను. అద్దం కాలుతోంది. వెంటనే తీసేశాను.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఏడే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. మెట్ల గది పక్కన, అన్నిటికంటే చివర ఉన్న ప్యానెల్ మీద బొట్టు లేదు. నాకు ఒళ్లు మండింది.

"ముట్టుకోవద్దని చెప్పిన గద మల్లేశ్" అన్నాను. "చెప్పకుంట ఎట్ల తీస్తవ్?"

మల్లేశ్ యాదమ్మ వైపు చూశాడు. యాదమ్మ నేల వైపు చూసింది.

"నేను తీయలే అన్నా" అన్నాడు మల్లేశ్. "గదొక్కటే మంచిగ కరెంటిస్తున్నది. గా బొట్టు వదినే తుడిచింది."

అతనే మెల్లగా చెప్పుకొచ్చాడు. బ్యాటరీల్లో నీళ్లు పోయడానికి వచ్చినప్పుడు సునీత అతన్ని నిలేసిందట. "ఎండకాలంల మబ్బులేడివి మల్లేశా, నిజం చెప్పు" అందట. అతను చెప్పేశాడట. గీకొద్దు, బ్లేడు పెడితే అద్దం గీతలు పడుతుంది, థిన్నర్‌తో నానబెట్టి తుడవాలని కూడా చెప్పాడట. ఆమె చిన్న థిన్నర్ డబ్బా తెప్పించి పెట్టమంటే తెచ్చిచ్చాడట. "అన్నకు తెల్వనియ్యకు అన్నది. అందుకే నేను నోరిప్పలే" అన్నాడు.

"ఎప్పుడు తుడిచింది?" అన్నాను.

"దవాఖానకు పోయే ముందటి రోజు" అంది యాదమ్మ. "నువ్వు పనికి పోయినవ్. వద్దక్కా, నీకు దమ్మొస్తది అంటే ఇన్లే. గోడ పట్టుకొని ఎక్కింది. గా చివరిది ఒక్కటి తుడిచేసరికి మస్తు ఆయాసపడ్డది. గీడనే కూసున్నది. మిగిలినయి దవాఖాన నుంచి వచ్చినంక తుడుస్త అన్నది."

"నాకెందుకు చెప్పలే యాదమ్మా? పద్నాలుగు నెలలు."

"ఫోన్ల జెప్పే ముచ్చటనా అన్నా అది? బొట్టు పేరు ఎత్తంగనే ఫోన్ పెట్టేస్తుంటివి. నువ్వు వచ్చి మీదికెక్కితె నీకే ఎరుకైతది అనుకున్న. నువ్వు రాకపోతివి."

ఇంకేమందో చెప్పమని అడిగాను. యాదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ అన్నకు అబద్ధమాడొస్తలేదు యాదమ్మా, నడెండల మబ్బులంటడు, ఆయన పరువు మనమే కాపాడాలె అని నవ్వింది" అంది. "ఆయన లేనప్పుడు ఒక్కొక్కటి తుడిచేస్త, మబ్బులు పోయినయని మురుస్తడు అన్నది."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఇద్దరూ అటు తిరిగి నీళ్ల ట్యాంకు వైపు చూస్తూ నిలబడ్డారు. ఏడాదిన్నర నేను ఆమె మనసు నొప్పించకూడదని మబ్బుల్ని పట్టుకొచ్చాను. ఆమె నా మాట పోకూడదని ఆకాశం వైపు చూసి ఊరుకుంది. మధ్యలో ఆ చాలీచాలని కరెంటుకు, గుండె సరిగా లేని మనిషి కాలితో మిషన్ తొక్కింది. నేను ఒక్క మాట చెబితే పోయే కష్టం అది. దానివల్లే జబ్బు ముదిరిందని డాక్టర్లెవరూ అనలేదు, నేనూ అనను. కానీ ఆ తొక్కుడు ఆమెకు తప్పించగలిగి కూడా తప్పించలేదు. ఇది రాస్తుంటే కూడా ఆమె పక్కన ఉంటే బాగుండుననిపిస్తోంది, తిట్టించుకోవడానికైనా.

యాదమ్మ కిందికి వెళ్లి థిన్నర్ డబ్బా తెచ్చింది. ఇన్వర్టర్ వెనక అరలో, కత్తిరింపు ముక్కల సంచిలో అప్పటినుంచీ ఉందట. పావు భాగం మాత్రమే ఖర్చయింది. సంచిలో ఉన్నవి సునీత కుట్టగా మిగిలిన జాకెట్ గుడ్డల ముక్కలే. వాటితోనే తుడవాలని నాకనిపించింది. మల్లేశ్ పని ఎలా చేయాలో చూపించాడు. ముందుగా ప్యానెళ్ల తీగ విప్పేశాడు. ఎండెక్కాక అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగులుతుందని, నీడ కోసం రెండు దుప్పట్లు తాడు మీద కట్టాడు. అద్దం చల్లబడేదాకా ఆగాం. తర్వాత గుడ్డ తడిపి బొట్టు మీద పరిచి ఐదు నిమిషాలు ఉంచాలి. రంగు మెత్తబడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా నెట్టి, ఆరిన గుడ్డతో తుడవాలి. మొదట ఎరుపు కదిలింది, తర్వాత పసుపు. రెండూ కలిసి గుడ్డంతా నారింజరంగైంది.

"నేను చేస్తనియ్యి అన్నా" అన్నాడు మల్లేశ్ రెండు మూడుసార్లు. ఇవ్వలేదు. పొద్దుట బస్సులో కూర్చున్నప్పుడు ఈ పని నాకు ఆమెను చెరిపేయడంలా తోచింది. ఇప్పుడు అలా లేదు. మిగిలినవి వచ్చాక తుడుస్తానని చెప్పి వెళ్లిన మనిషి పనిలో మిగిలింది ముగిస్తున్నాను, అంతే. చివరి ప్యానెల్‌ను దగ్గరికి వెళ్లి చూశాను. గడి అంచున గోరంత పసుపు గీత మిగిలిపోయింది. ఆయాసంలో అక్కడ చెయ్యి తడబడి ఉంటుంది. దాన్ని మాత్రం తుడవలేదు. అంత గీతకు నష్టం ఏమీ లేదని మల్లేశ్ కూడా ఒప్పుకున్నాడు.

ఆరు ప్యానెళ్లు శుభ్రమయ్యాయి. ఏడోదాని బొట్టు కింద గడి కాలిపోయి వెనక వైపు పొర బుడగలెత్తింది. ఒకే గడిని ఏళ్ల తరబడి మూసి ఉంచితే అది ఎండలో అదే పనిగా వేడెక్కి అలా కాలుతుందట. "గిది ఇగ పనికిరాదు అన్నా, పాత సామాన్లోనికి ఏస్త" అని దాన్ని విప్పి గోడకు ఆనించాడు. ఏయొద్దు, నేను తీసుకెళ్తానన్నాను. బొట్టు వైపు ఒకసారి చూసి సరేనన్నాడు.

పన్నెండింటికి సరిగ్గా కోత పెట్టారు. వీధిలో మిగతా ఇళ్ల ఫ్యాన్లు ఆగినట్టు ఆ నిశ్శబ్దంలోనే తెలుస్తుంది. అప్పటికి తీగలు కలిపి అర్ధగంట కూడా కాలేదు. మెట్ల కింద ఇన్వర్టర్ ఒకసారి టక్కుమని అందుకుంది. ముందు గదిలో మూడు ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. పిల్లలు పుస్తకాల సంచులతో వచ్చి కూర్చుని తినడం మొదలుపెట్టారు, ఒక్కరూ తలెత్తి ఫ్యాన్ వైపు చూడలేదు. ఒంటిగంటకూ తిరుగుతున్నాయి, రెండింటికీ తిరుగుతున్నాయి. మూడింటికి కరెంటు వచ్చేదాకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ పెయింటు వేసిన రోజు తర్వాత ఈ ఇంటికి ఇంత కరెంటు ఎన్నడూ అందలేదు. మూడు మిషన్లు ఒకేసారి సాయంత్రం దాకా పరిగెత్తే బలం ఆ మేడ మీద మొదటినుంచీ ఉంది. సునీత దాన్ని కొన్ని నెలలే చూసింది.

యాదమ్మ నాకు బల్ల చివర వడ్డించింది. వంకాయ కూర బాగుంది, పచ్చిపులుసు ఇంకా బాగుంది. అటువైపు వెళ్తే భోజనం అక్కడే చేయండి, నలభై రూపాయలకు కడుపు నిండుతుంది. ప్యానెళ్లు చూడాలంటే ముందు రోజు చెప్పి వెళ్తే ఆమె మేడెక్కించి చూపిస్తుంది. నేను చేయి కడుక్కుంటుంటే, "అన్నా, ఖాళీ చేయాల్నా మరి?" అంది. అప్పటికే నవ్వుతోంది. నేనుండే గది ఖాళీ చేసి ఇటే వస్తే ఒక గది ఇస్తావా అని అడిగాను. నీ ఇల్లు నన్ను అడుగుడేందని కసిరింది. మల్లేశ్ కూలి మూడు వందలు తీసుకున్నాడు. థిన్నర్‌కు ఎంతైందని అడిగితే, "గా దానికి వదిన అప్పుడే ఇచ్చింది" అన్నాడు.

మూడున్నరకు బయల్దేరాను. కాలిన ప్యానెల్‌ను దుప్పట్లో చుట్టి మల్లేశ్ తన బండి మీద శేరిగూడ స్టాపు దాకా తెచ్చి బస్సెక్కించాడు. ఛాతీ ఎత్తున ఉంటుంది, ఎనిమిది తొమ్మిది కిలోల బరువు. వెనక సీటు పక్కన నిలబెట్టి పట్టుకున్నాను. కండక్టర్ వచ్చి దుప్పటి కొస ఎత్తి చూశాడు.

"ఏందన్నా గిది, సోలారా? పనిచేస్తదా?"

"లేదు. కాలిపోయింది."

"మరి ఏడికి మోస్తున్నవ్?"

"ఇంటికి."

అతను బొట్టు వైపు చూశాడు. తర్వాత లగేజి టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. రూలు రూలే. ఎల్‌బీనగర్‌లో మరో బస్సువాడు ఎక్కించుకోనంటే ఆటో మాట్లాడుకున్నాను. ఐదున్నరకు గదిలో ఉన్నాను.

ఇప్పుడు ఆ ప్యానెల్ నా గది బాల్కనీలో గోడకు ఆనించి ఉంది. పొద్దున ఏడింటికి దాని మీద ఎండ పడుతుంది. తీగ లేదు, బ్యాటరీ లేదు, అది చేయాల్సిన పని ఏమీ లేదు. నేను చాయ్ గ్లాసుతో దాని ముందు కూర్చుంటాను. వచ్చే నెల మొదట్లో గది ఖాళీ చేస్తున్నాను, దాన్ని కూడా వెంట తీసుకెళ్తాను. ఈసారి శేరిగూడ స్టాపులోనే దిగుతాను. సునీత లేని ఇల్లు అదివరకటి ఇల్లు కాదని తెలుసు. అయినా ఆమె నా వెనకాల నవ్వుకున్న మేడ అది, చివరి గడి అంచున ఆమె వదిలేసిన గీత ఉన్న మేడ. ఇన్నాళ్లూ దానికి దూరంగా ఉండి నేను తప్పించుకున్నది ఏమీ లేదు.

సోలార్ చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా ఇచ్చి ముగిస్తాను. ప్యానెళ్లు బిగించిన రోజు మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని మేడెక్కుతారు, ఆపకండి. అద్దం మీద కాకుండా చుట్టూ ఉండే అల్యూమినియం చట్రం మీద పెట్టమనండి, అక్కడ ఎంత పెద్ద బొట్టు పెట్టినా కరెంటు తగ్గదు. ఒకవేళ అప్పటికే అద్దం మీద పెట్టేసి ఉంటే, అదే రోజు, పక్కన కూర్చుని, విషయం చెప్పేయండి. మబ్బుల మీదికి నెట్టకండి.